దేవుని పిలుపును గుర్తించడం ఎలా?



ప్రతి సంవత్సరం ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు మా ఆసుపత్రి ఆఫీసు ముందున్న బల్లలు నిండిపోతాయి. నర్సింగు, లాబ్ టెక్నీషియన్ కోర్సుల దరఖాస్తులు పట్టుకుని పిల్లలు, వారి ప్రక్కన తల్లిదండ్రులు, కొందరి వెంట వారి సంఘ కాపరి. ఇంటర్వ్యూలో మేము అడిగే మొదటి ప్రశ్న అందరికీ తెలిసినదే: "ఈ కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నావమ్మా?" ఎక్కువమంది చెప్పే జవాబు కూడా తెలిసినదే: "దేవుడు నన్ను సేవకు పిలిచాడండి." ఆ మాట విని మేము సంతోషిస్తాము. అయితే "పిలిచాడని నీకెలా తెలిసింది?" అని రెండవ ప్రశ్న వేసేసరికి గది నిశ్శబ్దమైపోతుంది. ఆ పిల్ల తలవంచుకుంటుంది, తల్లి జవాబు చెబుతుంది.

కొన్నేళ్ళ క్రిందట ఒక తల్లి చెప్పిన జవాబు మాకు ఇప్పటికీ జ్ఞాపకమే. "కడుపులో ఉండగానే మొక్కుకున్నామండి. బిడ్డ బ్రతికి బయటపడితే నర్సమ్మను చేసి నీ సేవకు ఇస్తామని ప్రభువుకు మాట ఇచ్చాం." ఆ కాన్పు చాలా కష్టమైనదట, మన ఆసుపత్రిలోనే జరిగిందట. అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగితే, రక్తం చూస్తే తనకు కళ్ళు తిరుగుతాయని, లెక్కలంటే ఇష్టమని, ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి భయమని చెప్పింది. "అమ్మ మొక్కు తప్పితే దేవుడు శిక్షిస్తాడా అండి?" అని అడిగింది. పదిహేడేళ్ళ పిల్ల. ఈ వ్యాసం రాయాలని మాకు అనిపించింది ఆ రోజే. ఇన్నాళ్ళకు కుదిరింది.

హన్నా మొక్కు, సమూయేలు పిలుపు

ఆ తల్లి మాకు హన్నాను గుర్తు చేసింది. హన్నా కూడా బిడ్డ కోసం కన్నీటితో మొక్కుకుంది, పాలు విడిచిన తరువాత బాలుని మందిరానికి తెచ్చి అప్పగించింది. మన సంఘాల్లో ఈ కథ చెప్పేటప్పుడు తరచు అక్కడితో ఆపేస్తాము. కానీ మొదటి సమూయేలు గ్రంథం మూడవ అధ్యాయం జాగ్రత్తగా చదవండి. మందిరంలో పరిచర్య చేస్తూ పెరిగిన ఆ బాలుడు అప్పటికింకా యెహోవాను ఎరుగడని అక్కడ వ్రాయబడి ఉంది. తల్లి మొక్కు అతనిని మందిరం వరకు తీసుకొచ్చింది. పిలుపు మాత్రం దేవుడే ఇచ్చాడు, పేరు పెట్టి, రాత్రివేళ, ఆ బాలునికే. తల్లిదండ్రుల ప్రార్థన విలువైనదే, దానిని మేము తక్కువ చేయడం లేదు. కానీ అది బిడ్డ చెవికి బదులుగా వినే చెవి కాదు.

అదే అధ్యాయంలో మరొక సంగతి ఉంది. సమూయేలు మూడుసార్లు పొరబడ్డాడు. పిలిచింది ఏలీ అనుకుని లేచి పరుగెత్తాడు. ఆ స్వరం ఎవరిదో గుర్తుపట్టింది చూపు మందగించిన ముసలి యాజకుడు. స్వంత కుమారులనే అదుపులో పెట్టలేకపోయినవాడు, అంతగా మెచ్చుకోదగిన పెద్ద కాడు. అయినా ఆ రాత్రి అతడు లేకపోతే బాలునికి ఏమి జవాబు చెప్పాలో తెలిసేది కాదు. పిలుపు వ్యక్తిగతమైనదే. దానిని పోల్చుకోవడానికి మాత్రం ప్రక్కన ఒక పెద్ద ఉండాలి.

అపొస్తలుల కార్యములు పదహారవ అధ్యాయంలోనూ ఇలాగే జరిగింది. పౌలు ఆసియకు వెళ్ళాలనుకుంటే ఆటంకం వచ్చింది, బితూనియకు ప్రయత్నిస్తే అక్కడా ఆటంకమే. త్రోయలో రాత్రి దర్శనం చూసింది పౌలు ఒక్కడే. మాసిదోనియకు వెళ్ళాలని నిశ్చయించుకున్నది మాత్రం "మేము" అని గ్రంథకర్త వ్రాశాడు. ఆ పుస్తకంలో "మేము" అనే మాట అంతగా వినిపించడం అక్కడే మొదలవుతుంది. ఆ గ్రంథకర్త వైద్యుడైన లూకా అని సంఘం మొదటినుండి నమ్ముతోంది. ఆసుపత్రివాళ్ళం గనుక ఆ మాట దగ్గర మేము కొంచెం ఎక్కువసేపు ఆగుతాము.

పిలుపు అంటే ఏమిటి?

మన వాడుకలో "ఆయనకు పిలుపు ఉంది" అంటే పాస్టరు గారో సువార్తికుడో అని అర్థమైపోయింది. లేఖనాల్లో ఈ మాట ఇంకా విశాలమైనది. కొత్త నిబంధనలో పిలుపు మొదట క్రీస్తుకు చెందినవారిగా ఉండడానికి, ఆ తరువాతే ఒక పనికి. సంఘము అని మనం అనువదించుకున్న గ్రీకు మాటలోనే పిలవడం అనే ధాతువు ఉంది. కనుక సంఘంలో ఉన్న ప్రతివాడూ పిలువబడినవాడే. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఈ సంగతిని గట్టిగా బోధించాడు. సన్యాసుల మఠంలో ఉన్నవారికే పిలుపు ఉంటుందన్న ఆనాటి తలంపును ఆయన ఒప్పుకోలేదు. ఇల్లు చూసుకునే తల్లి, చెప్పులు కుట్టేవాడు, పొలం దున్నేవాడు కూడా తమ పనిలో దేవుని పిలుపుకే జవాబు చెబుతున్నారని ఆయన అన్నాడు. జర్మను భాషలో ఉద్యోగానికి వాడే "బెరూఫ్" అనే మాటకు మూలం పిలుపే.

మా వార్డుల్లో తెల్లవారుజామున నాలుగింటికి ఫినాయిలు వేసి నేల తుడిచే ఆయమ్మల పనిని ఈ దృష్టితో చూడటం మాకు కూడా వెంటనే రాలేదని ఒప్పుకుంటున్నాము. ఆసుపత్రి వార్షికోత్సవంలో శాలువాలు ఎవరికి కప్పుతామో చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

గుంటూరుకు వచ్చిన డాక్టరమ్మ

ఇప్పుడు మన తెలుగు నేలకు చెందిన ఒక సాక్ష్యం. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని పాత తరంవారు ఉండరు. అన్నా సారా కుగ్లర్ గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో డాక్టరు పట్టా పొంది, మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు. గుంటూరులో ఉన్న ఒక లూథరన్ మిషనరీ ఆమెకు ఉత్తరం రాసి, వైద్య మిషనరీగా వస్తారా అని అడిగారు. ఆమె వెంటనే సిద్ధపడ్డారు. కథ ఇక్కడితో సుఖంగా ముగియవచ్చు. కానీ పంపవలసిన స్త్రీల మిషనరీ సంఘం వైద్యపరిచర్య మొదలుపెట్టడానికి తాము సిద్ధంగా లేమని చెప్పింది. కావాలంటే జెనానా పనికి, అంటే ఘోషాలో ఉండే స్త్రీల ఇళ్ళకు వెళ్ళి బోధించే పనికి, రావచ్చు అన్నది.

మనమైతే ఏమి చేసేవాళ్ళం? "దేవుడు నన్ను డాక్టరుగా పిలిచాడు, మీరు అడ్డుపడుతున్నారు" అని కోపగించుకుని ఉండేవాళ్ళమేమో. లేక "తలుపు మూసుకుంది కాబట్టి ఇది దేవుని చిత్తం కాదు" అని ఇంట్లో కూర్చునేవాళ్ళమేమో. కుగ్లర్ గారు ఈ రెండూ చేయలేదు. ఇచ్చిన పనికే ఒప్పుకుని ఓడ ఎక్కి 1883 చివరలో గుంటూరు చేరారు. బాలికల పాఠశాలలు చూసుకున్నారు, ఘోషా స్త్రీల ఇళ్ళకు వెళ్ళారు, తెలుగు నేర్చుకున్నారు. నేర్చిన వైద్యాన్ని మాత్రం ఓడరేవులో వదిలి రాలేదు. ఇళ్ళకు వెళ్ళినప్పుడు జబ్బుపడిన స్త్రీలు కనిపిస్తే చూశారు, మందు ఇచ్చారు. పురుష డాక్టరు చేయి పట్టి చూడడానికి వీల్లేని ఇళ్ళవి. మొదటి ఏడాదే వందలమంది ఆమె దగ్గర వైద్యం పొందారు. రెండేళ్ళు గడిచాక, 1885లో, సంఘం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1890ల చివరికి గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు సుమారు 50 మంచాల ఆసుపత్రి లేచింది. 1905లో ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలైలో గుంటూరులోనే ఆమె ప్రభువు పిలుపు అందుకున్నారు. ఆసుపత్రికి ఆమె పేరు పెట్టింది ఆ తరువాతే.

ఆ మధ్య ఉన్న రెండేళ్ళ గురించి మేము చాలాసార్లు మాట్లాడుకున్నాము. పిలుపును ఇతరులు ఇంకా గుర్తించని కాలమది. ఆమె తన సంఘాన్ని ధిక్కరించలేదు, తన పిలుపును పాతిపెట్టలేదు. అప్పగించిన పని పూర్తిగా చేస్తూనే, ఎదురైన అవసరానికి చేయి అందించారు. చివరికి సంఘాన్ని ఒప్పించింది గుంటూరు రోగుల వరుస అని మా అభిప్రాయం.

ఇష్టం లేనివారి పిలుపు

కుగ్లర్ గారు రావాలనుకుని వచ్చారు. రాకూడదనుకుని వచ్చినవారూ ఉన్నారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను స్థాపించిన ఐడా స్కడర్ గారు 1870లో రాణిపేటలో మిషనరీ డాక్టరు ఇంట పుట్టారు. ఆమె తాతగారు జాన్ స్కడర్ అమెరికా నుండి విదేశాలకు వెళ్ళిన మొదటి వైద్య మిషనరీ. కుటుంబమంతా ఇదే పని. చిన్నప్పుడు కరువు చూసిన ఆ అమ్మాయికి మాత్రం ఇండియాలో స్థిరపడాలని లేదు. 1890లో తల్లికి జబ్బుగా ఉంటే సహాయానికని తిండివనం వచ్చారు. తిరిగి అమెరికా వెళ్ళిపోవాలన్నదే ఆలోచన.

ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తరువాత ఒకరు తలుపు తట్టారు. ఇద్దరు అగ్రకులాల హిందువులు, ఒకరు ముస్లిము. ముగ్గురి భార్యలూ ప్రసవం కాక ప్రాణాపాయంలో ఉన్నారు. మా నాన్నగారు డాక్టరు, ఆయన వస్తారని ఐడా చెప్పారు. పరపురుషుడు రాకూడదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ ఉదయమే ఆమె తన తీర్మానం తల్లిదండ్రులకు చెప్పారు.

అయితే ఈ కథ చెప్పేటప్పుడు ఆ రాత్రినే చెప్పి, తరువాతి సంవత్సరాలను వదిలేయడం మనకు అలవాటు. అమెరికాకు తిరిగి వెళ్ళి వైద్యం చదివి, కార్నెల్ వైద్య కళాశాల నుండి 1899లో పట్టా తీసుకుని, 1900 జనవరిలో ఆమె వేలూరు చేరారు. 40 మంచాల ఆసుపత్రి 1902లో తెరిచారు. స్త్రీలకు వైద్య పాఠశాల 1918లో మొదలైంది. అనాటమీ పుస్తకం ముందు కూర్చున్న రాత్రుల్లో ఏ స్వరమూ వినిపించి ఉండదు. విధేయతలో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. ఎం.బి.బి.ఎస్. చదివే మన పిల్లలు, రెండవ సంవత్సరం వచ్చేసరికి "పిలుపు పోయిందేమోనండి, ఏమీ అనిపించడం లేదు" అని మా దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటే, ముందు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో అడుగుతాము.

పాల్ బ్రాండ్ గారిది మరొక విధం. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఆయన, తండ్రిలాగా వెళ్ళాలని మొదట తాపీపని, వడ్రంగం నేర్చుకున్నారు. డాక్టరు చదువు తరువాత వచ్చింది. 1946లో వేలూరు వచ్చి, కుష్ఠువల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. బాగుపడిన చేతులకు పని నేర్పవలసి వచ్చినప్పుడు ఆ పాత వడ్రంగం ఎంతో ఉపయోగపడింది. వృథా అయ్యిందనుకున్న కోర్సు చదివిన యౌవనస్థులు ఈ సంగతి గమనించాలి.

"దేవుడు మందులు మానేయమన్నాడు"

ఇది ఆరోగ్య పత్రిక గనుక ఈ మాట వదిలిపెట్టలేము. నిజానికి మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మూర్ఛకు మాత్రలు వాడుతున్న ఒక యువకుడు, మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాకుండా బాగున్నవాడు, ఒక ఉపవాస కూటమికి వెళ్ళాడు. సేవకు పూర్తిగా సమర్పించుకున్నాడు. అది మంచిదే. విశ్వాసం ఉన్నవాడికి మాత్రలెందుకని అక్కడ ఎవరో అన్నారు. ఆ రాత్రే మాత్రలు మానేశాడు. నాలుగవ రోజు అర్ధరాత్రి, ఒక ఫిట్ తగ్గకముందే మరొకటి వస్తుండగా, ఆటోలో వేసుకుని తెచ్చారు. దేవుని కృపవల్ల బ్రతికాడు. స్పృహ వచ్చాక మమ్మల్ని అడిగిన ప్రశ్న: "నా విశ్వాసం చాల్లేదా అండి?" అతనికి మందులు మానవద్దని ప్రతిసారీ చెప్పాము, కానీ ఆ మందుల గురించి అతడు దేవుని యెదుట ఏమనుకుంటున్నాడో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తప్పు మాది.

మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి ఆకలి వేస్తుంది, క్రిములు మాత్రం ఇంకా లోపల ఉంటాయి. అప్పుడు ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆ మందులకు లొంగకుండా తయారుకావచ్చు, అదే ఇంట్లో పిల్లలకు అంటుతుంది. చిన్న వయసులో వచ్చే మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. షుగరు మందులు వేసుకుని ఉపవాసం ఉంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఉపవాస ప్రార్థన చేయాలనుకునే షుగరు రోగులు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. మోతాదు మార్చడమో, వేరే విధంగా ఉపవాసం ఉండడమో కలిసి ఆలోచించవచ్చు.

హిజ్కియా రాజు కథ చూడండి. అతడు బ్రతుకుతాడని దేవుడే ప్రవక్త ద్వారా చెప్పించాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానమూ ఉంది, పట్టూ ఉంది. తిమోతి కడుపు జబ్బుకు పౌలు పాటించవలసిన వైద్యం చెప్పాడు, విశ్వాసం లేదని గద్దించలేదు.

మరొక సంగతి కొంచెం మెల్లగా చెప్పాలి. పిలుపు అనుకున్నది ఒక్కోసారి జబ్బు కావచ్చు. రాత్రికి రెండు మూడు గంటలే నిద్రపోయి అలసట లేకుండా తిరగడం, ఆగకుండా మాట్లాడడం, ఉన్న డబ్బంతా పంచిపెట్టేయడం, లోకాన్ని రక్షించే ప్రత్యేకమైన పని తనకొక్కడికే ఇవ్వబడిందని చెప్పడం ఇంట్లో కొత్తగా మొదలైతే అది మానసిక వ్యాధి లక్షణం కావచ్చు. కాన్పయిన మొదటి వారాల్లో తల్లి, బిడ్డ విషయమై ఏదో స్వరం ఆజ్ఞాపిస్తోందని చెబితే ఒక్క పూట కూడా ఆగవద్దు. తల్లిని, బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ప్రార్థన చేయండి, ఆటోలో వస్తూ చేయండి. మనసుకు సంబంధించిన సలహా కోసం ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఈ జబ్బులకు మందులున్నాయి, చాలామంది కోలుకుంటారు. కోలుకున్న తరువాత కూడా దేవుడు వారిని వాడుకుంటాడు.

దేవుని స్వరం ఒకరిని తనకు తాను హాని చేసుకోమనదు, భార్యాపిల్లలను పస్తులుంచమనదు, పెద్దల ప్రశ్నలకు భయపడదు. మేము ఎవరినైనా ఆగి ఆలోచించమన్నప్పుడు నిజమైన పిలుపు అయితే అది ఆగుతుంది, రేపు కూడా ఉంటుంది. ఈ రాత్రే తేల్చుకోమని తరిమే స్వరాన్ని మేము అనుమానిస్తాము.

వెళ్ళడమా, ఉండడమా?

మా దగ్గర శిక్షణ పొందిన నర్సులు కొందరు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. వారు వెళ్ళినప్పుడు "పిలుపు అమ్ముకున్నారు" అని సంఘంలో కొందరు అన్నారు. ఆ మాట మేము అనము. చదువుకు తెచ్చిన అప్పు, వాన పడని పొలం, పెళ్ళి కావలసిన చెల్లెలు ఉన్న ఇంటినుండి వచ్చిన పిల్లకు అప్పు తీర్చడం కూడా విధేయతే. తల్లిదండ్రులకు చేయవలసినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు గద్దించాడు. అయితే అప్పు తీరిన తరువాత కూడా "ఇంకొక్క సంవత్సరం" అంటూ పదేళ్ళు గడిపినవారు సెలవులకు వచ్చినప్పుడు మా ముందు కూర్చుని మాట్లాడిన మాటలూ విన్నాము. అక్కడే ఉండి మంచి సేవ చేస్తున్నవారూ ఉన్నారు. ఎవరి జవాబు వారిదే. మేము అడిగేదల్లా, ఆ ప్రశ్నను ఎప్పుడైనా ప్రభువు ముందు పెట్టారా అని.

ఇక మొదట చెప్పిన అమ్మాయి సంగతి. ఆ రోజు తల్లిదండ్రులతో చాలాసేపు కూర్చున్నాము. సమూయేలు కథ చదివాము. "మరి మా మొక్కు?" అని తండ్రి అడిగారు. బిడ్డను ప్రభువుకు ఇచ్చారు, ఇచ్చిన తరువాత ఏ పనిలో పెట్టాలో ఆయనకే వదిలేయవచ్చు కదా అన్నాము. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకున్నారు.

ఈ మధ్య ఆ తల్లి షుగరు పరీక్షకు వచ్చింది. అమ్మాయి డిగ్రీ, బి.ఇడి. చేసి ఒక బాలికల గురుకులంలో లెక్కల టీచరుగా ఉందట. హాస్టలు పిల్లలు ఐరన్ మాత్రలు మింగకుండా కిటికీలోంచి పారేస్తుంటే, ఎదురుగా కూర్చుని మింగించేవరకు కదలదట. "నర్సమ్మ పనే చేస్తోందండి" అని తల్లి నవ్వింది. తరువాత తన మాత్రల చీటీ చూపించి, రాత్రి వేసుకునేది తిన్నాకా, తినకముందా అని అడిగింది.